క్వీన్ మేరీ 2 ఓడలో గాలా రాత్రికి నాన్నగారికి సూటే కుట్టించాలా, పట్టుపంచె నడుస్తుందా?

తీరం_దాటిన_తెలుగు

సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్, క్వీన్ మేరీ 2, 7 రాత్రులు. అమ్మానాన్నలు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అందులో 2 రాత్రులు గాలా ఈవెనింగ్ అని, బ్లాక్ టై అని కాగితాల్లో ఉంది. నాన్నగారికి 71. సూటు ఊసెత్తితే "పెళ్లికే కుట్టించుకోలేదు, ఇప్పుడెందుకురా" అంటున్నారు. ట్రావెల్ ఏజెంటేమో సూటు లేకపోతే భోజనాల హాల్లోకి రానివ్వరని భయపెడుతున్నాడు. పంచె కట్టుకొస్తే గుమ్మం దగ్గర ఆపేస్తారా? అమ్మ రెండు కంచిపట్టు చీరలు అప్పుడే తీసి పెట్టుకుంది, వాటికి ఓడలో ఇస్త్రీ ఎలా? "మా బావమరిది వెళ్లొచ్చాడు" కథలు వద్దు, రూలేంటో, ఏం సర్దుకోవాలో చెప్పండి చాలు.

డెక్_ఏడు

మీ ఏజెంటు సగమే చదివాడు. ఆ ఓడ నడిపే కంపెనీ కునార్డ్. వాళ్ల గాలా రాత్రికి మగవాళ్లయితే టక్సీడో, డిన్నర్ జాకెట్, లేదా ముదురు రంగు సూటు. దానికి బో టై అయినా మామూలు టై అయినా సరే. ఆడవాళ్లకి గౌను, కాక్‌టెయిల్ డ్రెస్సు, లేదా ఆ స్థాయిలో ఉండే ఏదైనా. ఆ పక్కనే ఇంకో ముక్క ఉంటుంది: ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు, వేడుకకి తగ్గట్టు ఉంటే, వేసుకోవచ్చు. మిలిటరీ యూనిఫాంకీ అంతే. కాబట్టి పంచె అడ్డదారి కాదు, రూల్లో ఉన్నదే.

ఇదంతా సాయంత్రం 6 దాటాక. బ్రిటానియా రెస్టారెంటు, క్వీన్స్ రూమ్ లాంటి చోట్లన్నిటికీ వర్తిస్తుంది. ఆ రాత్రి ముస్తాబు మా వల్ల కాదనుకుంటే కింగ్స్ కోర్ట్ బఫే ఉంది, గోల్డెన్ లయన్ పబ్బు ఉంది, అక్కడ గాలా బట్టలు అడగరు. పస్తు మాత్రం పడుకోబెట్టరు.

మిగతా 5 రాత్రులకి కాలరున్న చొక్కా, ఫుల్ పాంటు, పైన బ్లేజరుంటే బాగుంటుంది, టై అక్కర్లేదు. నిక్కర్లు, చిరుగుల జీన్సు, చేతుల్లేని బనియన్లు 6 తర్వాత కుదరవు.

గాల్వెస్టన్_గోపి

ఇంత హడావిడి ఎందుకండీ. రాయల్ కరీబియన్ కంపెనీ ఓడల్లో ఫార్మల్ నైట్ రోజున పోలో చొక్కాలతో కూర్చునేవాళ్లు బోలెడుమంది. ఎవరూ ఏమీ అనరు. మా టెక్సాస్ వాళ్లం సూట్లు మోసుకెళ్లడం ఎప్పుడో మానేశాం.

డెక్_ఏడు

@గాల్వెస్టన్_గోపి బస్సు టికెట్టు ఎంతంటే ఆటో చార్జీ చెప్పినట్టుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. రాయల్ కరీబియన్‌లో 5 రాత్రుల లోపు ప్రయాణానికి 1 ఫార్మల్ రాత్రి, వారం ప్రయాణానికి 2. సింగపూర్ నుంచి 3, 4 రాత్రులకి వెళ్లే మనవాళ్లకి తగిలేది ఆ ఒక్కటే. కార్నివాల్ వాళ్లు దాన్నే క్రూజ్ ఎలిగెంట్ అంటారు, 2 నుంచి 5 రోజులకి 1, ఆపైన 2. సెలబ్రిటీ వాళ్లు ఫార్మల్ అన్న మాటే తీసేసి ఈవెనింగ్ చిక్ అని పెట్టారు, అంటే కోటు ఉంటే సంతోషం, లేకపోయినా పద్ధతిగా రండని. నార్వేజియన్‌లో తప్పనిసరి లేదు. వైకింగ్ సముద్రపు ఓడల్లో ఫార్మల్ రాత్రులే లేవు. వీళ్లందర్లో పాత పద్ధతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నది కునార్డే. ఆ ఓడ ఎక్కేవాళ్లలో సగం మంది ఎక్కేదే ఆ ముస్తాబు కోసం.

గాల్వెస్టన్_గోపి

సరే, కునార్డ్ వేరు, ఒప్పుకున్నా. కానీ మిగతా ఓడల సంగతి చదివేవాళ్లకి ఒక మాట: అక్కడ గుమ్మం దగ్గర ఆపేది టై లేదని కాదు. హవాయి చెప్పులు, ఈత బట్టలు, తలమీద టోపీ, బనియన్లు. ఈ నాలుగూ లేకుండా వెళ్తే చాలు.

అలల_అప్పారావు

లుంగీ కూడా జాతీయ దుస్తులే కదా మాస్టారూ. గళ్లది కాకుండా ప్లెయిన్‌ది కడితే?

పంచెకట్టు_పంతులు

@అలల_అప్పారావు ఆ లుంగీని క్యాబిన్లో బెడ్ లైటు వెలుగులో కట్టుకోండి.

అసలు విషయానికొస్తా. పంచె అనగానే సరిపోదు, ఏ కట్టన్నది చూడాలి. అడ్డపంచె ఓడకి పనికిరాదు. మెట్లు దిగుతుంటే అంచు కాలి కింద పడుతుంది, డెక్ మీదికి వెళ్తే గాలికి మడత విచ్చుకుంటుంది. అట్లాంటిక్ గాలి గోదారి గాలిలా ఉండదు. గోచీ పోసి, ముందు కుచ్చిళ్లు పెట్టి కట్టాల్సిందే.

పట్టుపంచెతో చిక్కేంటంటే పట్టు మీద పట్టు నిలవదు, జారుతుంది. అందుకని లోపల మోకాలి దాకా ఉండే నూలు డ్రాయరు, దానిమీద రెండంగుళాల వెడల్పు ఎలాస్టిక్ బెల్టు. కుచ్చిళ్లు కనీసం మూడంగుళాలు బెల్టు లోపలికి దోపి, చివర నిలువుగా ఒక పిన్నీసు. అడ్డంగా పెడితే కూర్చున్నప్పుడు పొట్టకి గుచ్చుకుంటుంది, పట్టు కూడా చిరుగుతుంది. ముందు అంచు చీలమండ దగ్గర ఆగాలి, నేలకి తగలకూడదు. ఓడ ఊగుతున్నప్పుడు నేలకి తగిలే బట్ట ఏదైనా ప్రమాదమే.

పెద్దాయన కాబట్టి ఇంకో దారి: పైజమాలా తొడుక్కునేలా కుట్టేసిన పంచె. బాత్రూంకి వెళ్లొస్తే మళ్లీ కట్టుకునే పని ఉండదు. మడతలు సహజంగా ఉండేలా కుట్టిన టైలరు దొరికితే పక్కనున్నవాడికీ తెలియదు.

పైన పూర్తి చేతుల పట్టు జుబ్బా, మెడలో జరీ కండువా. అయిపోయింది.

కుట్టుమిషన్

పంతులుగారూ, కట్టు గురించి చెప్పిందంతా నిజం. జుబ్బా, కండువాతో అయిపోయిందన్న దగ్గరే పేచీ. ఆ హాల్లో అందరి ఒంటిమీదా కోటు ఉంటుంది. గుమ్మం దగ్గరున్న మనిషికి ఉప్పాడకీ దుప్పటికీ తేడా తెలియాలని లేదు. జుబ్బా మీద నల్ల బంద్‌గలా, అంటే మెడ దాకా బొత్తాలుండే కోటు, వేయిస్తే చూడగానే వేడుక బట్టలని అర్థమవుతుంది, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. పైగా హాల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది. పల్చటి పట్టు జుబ్బాతో 71 ఏళ్ల మనిషి రెండు గంటలు కూర్చోలేడు.

పంచెకట్టు_పంతులు

స్కాట్లాండ్ వాళ్లు మోకాళ్లు కనబడే కిల్టు కట్టుకుని అదే హాల్లో కూర్చుంటారు. దానికి లేని సంజాయిషీ మడమల దాకా ఉన్న పంచెకి ఎందుకు?

కుట్టుమిషన్

ఆ కిల్టు మీద పొట్టి నల్ల జాకెట్, బో టై, కింద బూట్లు కూడా ఉంటాయి మాస్టారూ. నేననేదీ అదే, కింద మీ ఇష్టం, పైన కోటు ఉండాలి.

పంచెకట్టు_పంతులు

చలి మాట వరకు ఒప్పుకుంటా. బంద్‌గలా వేస్తే కండువా మెడచుట్టూ వద్దు, ఎడమ భుజం మీద మడిచి లోపలివైపు పిన్ను పెట్టండి. లేకపోతే మొదటి కోర్సు సూపు కండువాకే.

జరీఅంచు

చీరల గురించి ఎవరూ మాట్లాడరేం.

ముందు ఇస్త్రీపెట్టె, స్టీమరు రెండూ సంచిలో పెట్టకండి. క్యాబిన్లలో నిప్పు భయంతో వాటిని నిషేధించారు. స్కానింగ్‌లో కనబడితే తీసి పక్కన పెడతారు, దిగేటప్పుడే మళ్లీ చేతికొస్తుంది. క్వీన్ మేరీ 2లో ప్రయాణికులకి ఉచిత లాండ్రీ గదులున్నాయి, ఇస్త్రీ బల్లలు కూడా అక్కడే. కానీ కంచిపట్టుని అక్కడి పెట్టెతో నేరుగా ముట్టుకోవద్దు. అంతకుముందు ఎవరో జీన్సు పాంటుకి పెట్టిన వేడి మీద ఉంటుంది అది. వేడి తగ్గించి, పైన తెల్ల నూలు గుడ్డ పరిచి, జరీ ఉన్నచోట చీర తిరగేసి, ఆవిరి బటన్ జోలికి పోకుండా చేయాలి.

అసలు ఆ అవసరమే రాకుండా చూసుకోండి. ఊళ్లోనే ప్రీ ప్లీటింగ్ (కుచ్చిళ్లు, కొంగు మడతలు ముందే పెట్టి ఇస్త్రీ చేయడం), బాక్స్ ఫోల్డింగ్ (ఆ మడతలు చెదరకుండా పెట్టెలో పట్టేలా మడవడం) చేయించండి. చేసేవాళ్లకి ఇచ్చేటప్పుడు మూడు కొలతలు ఇవ్వాలి: నడుము చుట్టుకొలత, నడుము నుంచి నేల దాకా పొడవు, కొంగు భుజం నుంచి ఎంత కిందికి వేలాడాలన్నది. ఇక్కడే అందరూ చేసే తప్పు ఉంది. పొడవు కొలత ఒట్టికాళ్లతో ఇస్తారు. ఓడలో రెండంగుళాల మడమల చెప్పులు వేసుకుంటారు, చీర రెండంగుళాలు పైకి వెళ్లిపోతుంది, కుచ్చిళ్లు కుట్టినట్టు నిలబడి ఉంటాయి కాబట్టి సర్దలేరు. ఆ రాత్రి వేసుకోబోయే చెప్పుల మీద నిలబడి కొలిపించండి. చెప్పులు కూడా సన్నమడమవి వద్దు, వెడల్పు మడమవి.

కొంగు 5 మడతలు, ఒక్కోటి నాలుగంగుళాలు. ముందు కుచ్చిళ్లు 6 లేక 7. కొంగు ఒంటిపొరగా వదిలేస్తే ఫొటోలకి బాగానే ఉంటుంది కానీ డెక్ మీదికి అడుగుపెట్టగానే జెండా అయిపోతుంది. మడతలకే పిన్ను పెట్టండి, భుజం దగ్గర ఒకటి, జాకెట్టు కింద అంచు దగ్గర ఒకటి.

మడత పెట్టిన చీరని పాత తెల్ల పంచె ముక్కలో చుట్టి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు, సెంటు జరీకి తగిలితే నల్లబడుతుంది. బయల్దేరడానికి వారం ముందు మడత పెట్టిస్తే చాలు, నెలల ముందు చేయించి ఉంచితే మడత పడ్డచోట జరీ విరుగుతుంది.

ఇంకోటి, బరువు. ముద్ద జరీ కంచిపట్టు ఒక్కోటి కిలో దాకా తూగుతుంది. ఒకటి కంచి, ఒకటి ఉప్పాడ పెట్టుకోమనండి. ఉప్పాడ జామ్దానీ చేత్తో పట్టుకుంటే గాలిలా ఉంటుంది, దూరానికి అంతే నిండుగా కనబడుతుంది.

గాలిమర

ఇస్త్రీ కోసం అంత కష్టం దేనికి? బాత్రూంలో వేడినీళ్లు వదిలి, తలుపేసి, పది నిమిషాలు బట్ట తగిలిస్తే ముడతలన్నీ పోతాయి.

జరీఅంచు

@గాలిమర కోటుకి పనిచేస్తుంది, పట్టుచీరకి చేయొద్దు. ఓడ బాత్రూం బీరువా అంత ఉంటుంది, నీటి చుక్క తగలకుండా చీర తగిలించే చోటే ఉండదు. పట్టు మీద చుక్క పడి ఆరితే చుట్టూ అంచుకట్టినట్టు మరక మిగులుతుంది. దానికి విరుగుడు చీర మొత్తం డ్రైవాష్.

గాలిమర

ఉన్ని కోటుకే అన్నానులెండి.

పడమటి_గడియారం

లాండ్రీ గది గురించి: గాలా రోజు మధ్యాహ్నం 3 తర్వాత వెళ్తే ఇస్త్రీ బల్ల కోసం వరస కట్టాలి. ముందురోజు రాత్రో, ఆరోజు పొద్దున టిఫిన్ల వేళో వెళ్లండి. మీరు పడమరకి వెళ్తున్నారు కాబట్టి ఇంకో లాభం ఉంది. లండన్‌కీ న్యూయార్క్‌కీ 5 గంటల తేడా, దాన్ని ఓడలో రాత్రికి గంట చొప్పున వెనక్కి జరుపుతూ సరిచేస్తారు, అంటే 5 రోజులపాటు రోజుకి 25 గంటలు. అదే న్యూయార్క్ నుంచి తూర్పుకి వస్తే గడియారం మధ్యాహ్నం పన్నెండుకి ముందుకి జరుపుతారు, భోజనం చేసి లేచేసరికి గంట మాయమై ముస్తాబు టైము మీద పడుతుంది.

మొదటి రాత్రి, చివరి రాత్రి గాలా పెట్టరు. మొదటి రోజు పెట్టెలు క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం అవ్వొచ్చు. చివరి రాత్రి పెట్టెలు బయట పెట్టేయాలి. అందుకే మొదటి రాత్రి భోజనానికి సరిపడే ఒక జత, మందులు చేతిసంచిలో ఉంచుకోండి. అన్నట్టు, చివరి రాత్రి పెట్టెలన్నీ బయట పెట్టేసి, పొద్దున దిగడానికి పాంటు లేక తువ్వాలుతో నిలబడేవాళ్లు ప్రతి ఓడలో ఒకరుంటారు.

తీరం_దాటిన_తెలుగు

నాన్నగారి సంగతి తేలింది, పంచె మీద బంద్‌గలా. ఇప్పుడు నా సంగతి. పదకొండేళ్ల కిందటి రిసెప్షన్ సూటు ఉంది, నేవీ బ్లూ. చాలా? పాంటు పట్టట్లేదు.

కుట్టుమిషన్

ముదురు నేవీ అయితే నిక్షేపంలా చాలు. పాంటు నడుము వెనక అతుకు విప్పి చూడమనండి, సాధారణంగా లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదిలి ఉంటుంది, అంతవరకు వదులు చేయొచ్చు. అంతకు మించి పొట్ట పెరిగితే పాంటు కొత్తది కుట్టించాలి, కానీ కోటు నేవీకి పాంటు నేవీ అచ్చంగా కలవదు, లైట్ల కింద తేడా తెలుస్తుంది. అప్పుడు మొత్తం సూటే మేలు.

కోటుకి భుజాలు చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి, లోపలికి వెళ్లిందంటే ఆ కోటు వదిలేయండి, భుజాలు సరిచేయడం కొత్తది కుట్టినంత పని. చేతుల పొడవు తగ్గించొచ్చు, మణికట్టు దగ్గర బొత్తాలు నిజం కాజాలతో ఉంటే మాత్రం కిందనుంచి తగ్గించడం కుదరదు. చొక్కా చెయ్యి కోటు చేతికన్నా అరంగుళం బయటికి కనబడాలి.

కొత్త సూటు కొన్నవాళ్లకి: వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా తెల్లదారం ఉంటుంది, చేతి మీద కంపెనీ పట్టీ కుట్టి ఉంటుంది. రెండూ విప్పేసుకుని వేసుకోవాలి. అవి డిజైన్ కాదు. గాలా రాత్రి ఫొటోల్లో ఆ పట్టీతో నవ్వుతూ నిలబడేవాళ్లని చూస్తే కత్తెర తీసుకుని పరిగెత్తాలనిపిస్తుంది.

సర్దేటప్పుడు: కోటు ఒక భుజం తిరగేసి, రెండోది అందులోకి దూర్చి, లైనింగ్ బయటికి వచ్చేలా నిలువుగా మడిచి, డ్రైక్లీనింగ్ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ మీద గుడ్డ జారుతుంది కాబట్టి ముడత గట్టిపడదు. ఓడ ఎక్కిన రోజే తీసి వేలాడదీస్తే ఉన్ని సూటు రెండోరోజుకి తనంతట తనే తేరుకుంటుంది. పాలిస్టర్‌దైతే తేరుకోదు, దానికి లాండ్రీ గదే గతి.

బూటుపాలిష్

@తీరం_దాటిన_తెలుగు ఆ పదకొండేళ్ల సూటుతో పాటు అప్పటి బూట్లు కూడా తీస్తున్నారా? ఆగండి. నల్ల ఫార్మల్ బూట్లలో చాలావాటికి అడుగు పాలీయూరెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. వాడకుండా అట్టపెట్టెలో ఏళ్ల తరబడి ఉంచితే గాలిలోని తడికే లోపల్లోపల విరిగిపోతుంది, పైకి కొత్తదానిలాగే మెరుస్తుంది. వేసుకుని అరగంట నడిస్తే అడుగు పొడిపొడిగా రాలిపోతుంది. ఇంట్లోనే ఓ రెండు గంటలు వేసుకుని తిరిగి చూడండి, బొటనవేలితో మడమ గట్టిగా నొక్కితే గుంట పడిందంటే కొత్తవి కొనాల్సిందే.

నాన్నగారికి వేళ్లు కనబడే చెప్పులు వద్దు. పంచె కిందికి ముందు మూసుకుని ఉండే జోళ్లు, అడుగు రబ్బరుది. మెట్ల మీద తోలు అడుగు జారుతుంది.

వంకాయ_వేపుడు

ముస్తాబులన్నీ అయ్యాయి, తినేది ఏంటి? గాలా రాత్రి మెనూ అంతా మాంసమేనా?

డెక్_ఏడు

శాకాహారం ప్రతి రాత్రీ మెనూలో ఉంటుంది. మన తరహా కూరా అన్నం కావాలంటే మాత్రం అక్కడికక్కడ అడిగితే కష్టం. బుకింగ్ అప్పుడే రాయించి, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పండి, మర్నాటికి ఏం చేయగలరో వాళ్లే చెబుతారు. గుడ్డు తినరంటే ఆ మాట విడిగా చెప్పాలి, వాళ్ల శాకాహారంలో గుడ్డు ఉంటుంది. బ్రిటానియాలో రెండు పంక్తులు, 6 గంటలకీ 8:30కీ. పెద్దవాళ్లు, పిల్లలతో 6 మేలు, కానీ అప్పుడు 5కే చీర కట్టడం మొదలవ్వాలి.

తీరం_దాటిన_తెలుగు

గాలా రాత్రికి ఒకటి బ్లాక్ అండ్ వైట్, ఒకటి రెడ్ అండ్ గోల్డ్ అని చూశాను. ఆ రంగులే వేసుకోవాలా?

డెక్_ఏడు

రంగు మీ ఇష్టం, తప్పనిసరి కాదు. మాస్కరేడ్ రాత్రయినా ముసుగు ఇష్టముంటేనే. అయినా మీ ఇంట్లో అన్నీ కుదిరిపోయాయి కదా. తెల్ల పంచె, నల్ల బంద్‌గలా ఒకరోజుకి. ఎరుపు మీద బంగారు జరీ కంచిపట్టు రెండోరోజుకి. ఆ థీమ్ పెట్టినవాడు మీ అమ్మగారి బీరువా చూసే పెట్టి ఉంటాడు.

అలల_అప్పారావు

టక్సీడో మీద నడుముకి కట్టే నల్ల పట్టీని ఏమంటారో తెలుసా, కమ్మర్‌బండ్. మన కమర్‌బందే, ఇక్కడున్న తెల్లదొరలు మన దగ్గర చూసి కట్టుకుని పట్టుకెళ్లారు. అంటే నడికట్టు వాళ్లది కట్టుకుంటే బ్లాక్ టై, మనది మనం కట్టుకుంటే ఏజెంటుకి డౌటు.

కుట్టుమిషన్

దాని మడతలు పైకి తెరుచుకునేలా కట్టాలి, కిందికి కాదు. చాలామంది తలకిందులు కడతారు. కమ్మర్‌బండ్ కడితే బెల్టు వద్దు.

పడమటి_గడియారం

పిల్లలకి కొత్తవి కొనకండి. అబ్బాయికి చొక్కా, పాంటు, చిన్న వెయిస్ట్‌కోటు. అమ్మాయికి పట్టు పరికిణీ అయితే చీలమండకి రెండంగుళాలు పైకి కుట్టించండి, మెట్ల మీద పరిగెత్తుతారు. ఇంకొకటి, ఆ రాత్రుల్లో ఫొటోగ్రాఫర్లు మెట్ల దగ్గర తెరలు కట్టి నిలబడతారు. ఎన్ని తీయించుకున్నా డబ్బులేం లేవు, కాపీ కొంటేనే. నచ్చకపోతే వదిలేయొచ్చు.

తీరం_దాటిన_తెలుగు

ఇంకో చిన్న డౌటు. ఓడలో గది తలుపు తీయాలన్నా, ఏదైనా కొనాలన్నా కార్డు చేతిలో ఉండాలట కదా. పంచెకి జేబుండదు. నాన్నగారు రొంటిన దోపుకుంటానంటున్నారు.

పంచెకట్టు_పంతులు

రొంటిన కార్డు నిలవదు. ప్లాస్టిక్, పట్టు, రెండూ జారుడే. కూర్చుని లేచేసరికి కింద పడి ఉంటుంది.

కుట్టుమిషన్

బంద్‌గలా కుట్టించేటప్పుడే లోపల ఎడమవైపు ఛాతీ జేబు పెట్టించండి, నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల లోతు, మూతికి ఒక బొత్తాం. కళ్లజోడుకి కుడివైపు ఇంకోటి. మొదటి ఫిట్టింగ్ అప్పుడు కార్డు సైజు అట్టముక్క ఒకటి కోసి జేబులో పెట్టించి, ఆయన్ని రెండుసార్లు వంగి లేవమనండి.